పసుపు చెదిరిన అంచు

పోయిన వారం చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తున్నాను. పూతలపట్టులో బస్సు ఆగేదాకా, అలవాటు ప్రకారం ఫోన్‌లోనే తల దూర్చి కూర్చున్నదాన్ని, ముందు సీట్లో ఉన్న పెద్దావిడ టీ కోసం కిటికీ వైపు వంగేసరికి తలెత్తి, ఆమె వీపు మీద పరుచుకున్న పైట అంచు చూశాను. చూసి, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా ఫోటో తీసేశాను. ఆ చప్పుడుకి ఆమె గిరుక్కున తిరిగింది.

"ఏమ్మే, నా వీపులో ఏముండాదని ఫోటో తీస్తా ఉండావు?"

చీర బాగుందని తీశానన్నాను. కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. "మా కోడలు నగరిలో తెచ్చింది పాపా. ఈ పసుపు మరక సూసి, రంగు దిగిన సీర నా మొగాన కొట్టినావా అని దాన్ని నానా తిట్లూ తిట్టినాను. తీరా సూస్తే అది డిజైనంట!" అని పగలబడి నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ మరక నాది.

ఈ వయసులో జ్ఞాపకాలేమిటని మీరు అనుకోవచ్చు కానీ, మన తరం వాళ్ళకు పాత రోజులంటే రెండు ఫోన్ల కిందటి రోజులే కదా. నేను చెప్పబోయేదీ రెండు ఫోన్ల కిందటి సంగతే.

తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని నేను. డిగ్రీ కాగానే దొరికిన మొదటి ఉద్యోగంలో మేనేజరుతో గొడవపడి, మెడలోని ఐడీ కార్డు ఆయన టేబుల్ మీద విసిరేసి వచ్చేస్తే, ఈ కోపిష్టి పిల్లని దారిలో పెట్టగలవాడు మన ఇళ్ళలో ఒక్కడే ఉన్నాడని మా అమ్మ నన్ను నగరిలో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పంపించింది. మా మామకు ఇంటి వెనక రేకుల షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలుండేవి. ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. మగ్గాల చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడని ఆ ఇంట్లో, వరండాలో కూర్చుని తమిళ సీరియళ్ళు చూసే మా అవ్వ, అంటే మామ కన్నతల్లి, మాత్రం ఎవరేం గొణిగినా వినేసేది. అది వేరే కథ.

మామ దగ్గర పని మొదలుపెట్టాలంటే ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే నేను వీధిలోకి వెళ్ళి పాలు తేవాలి, వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చోబోయే ముందు, దారిలో ఏం చూశానో ఆయనకు చెప్పాలి. ఏమీ లేదంటే కాఫీ లేదు.

"కండ్లు మంచం కింద పెట్టేసి పోయినావా? పో, పోయి ఇంగోసారి సూసిరా."

మొదట్లో ఒళ్ళు మండిపోయేది. తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. కానీ కాఫీ కోసమైనా కళ్ళు తెరిచి నడవడం మొదలుపెట్టాక, రంగులద్ది ఆరేసిన నూలు చిలపల కట్టల నుంచి కారిన నీళ్ళు మట్టిలో ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పారడం, చెన్నై బస్సు కిటికీ కమ్మీల నీడ పడి ఒక ముసలాయన తెల్ల చొక్కా గళ్ళ చొక్కా అయిపోవడం, మామిడి పండ్ల బండి మీద కాయలు అమ్ముడుపోయేకొద్దీ కింద గోనెపట్ట చిరుగు బయటపడటం, ఇవన్నీ నా కళ్ళకు అందాయి. అందరూ నా ఫోన్‌ను తిట్టేవాళ్ళే, మామ ఒక్కడే తిట్టలేదు. అయితే ఒక షరతు పెట్టాడు. "ఫోటో తర్వాత సూపియ్యి. ముందు నోటితో సెప్పు." అందుకని నేను చెప్పేదాన్ని, వివరంగా, చేతులు తిప్పుతూ. ఆయన గ్లాసు పట్టుకుని, కాఫీ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోయి వినేవాడు. ఇంట్లో గానీ కాలేజీలో గానీ నా మాట అంతసేపు విన్న మనిషి అంతకు ముందు ఎవరూ లేరు. నా కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

ఆ రోజుల్లోనే మా అమ్మ, నేను నగరిలో కుదురుకుంటే మెట్లపూజ చేస్తానన్న మొక్కు తీర్చుకోవడానికి నన్ను వెంటపెట్టుకుని అలిపిరి నుంచి కొండ ఎక్కింది. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతూ ఆమె ముందు, కుంకుమ గిన్నె ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని నేను వెనక. నడుము పట్టేసినా ఆమె ఆగలేదు. ఆయాసానికి నేను కూలబడ్డ చోట, మాకంటే ముందు వెళ్ళిన ఎవరో తల్లి పెట్టిన బొట్లు కనపడ్డాయి. వాటి మీద ఎన్ని పాదాలు పడ్డాయో, పసుపు చెదిరి, కుంకుమ దాంట్లో తోకలా సాగి, అన్ని మరకలూ ఒకే వైపుకు, పైకే వాలి ఉన్నాయి. అందరూ ఎక్కేవాళ్ళే కాబట్టి. గుండ్రంగా ఉన్న బొట్టు కంటే తొక్కిన బొట్టే నాకు అందంగా కనపడింది. చెదిరినా కొండ వైపే చెదిరింది కదా అనుకున్నాను.

నగరి వెళ్ళాక మామకు అదంతా చెప్పాను. అమ్మ నడుము, ఆ గిన్నె, నేను కూలబడటం, అన్నీ. చెప్పి, అంచు గీశాను. కుచ్చిళ్ళ దగ్గర నిండు బొట్లు, పైటకు వచ్చేకొద్దీ అవి చెదిరి పైకి వాలిపోతాయి. మామ దాన్ని తెర మీద పెద్దది చేసి చూసి, "ఇది ఎవురికీ సూపించబాక పాపా" అన్నాడు. నా డిజైన్ ఎవరూ కొట్టేయకుండా కాపాడుతున్నాడనుకుని, ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను.

కొన్నాళ్ళకు, చెన్నైలో ఒక చీరల కొట్టు వాళ్ళు పెట్టిన వీడియో మా కుటుంబం గ్రూపులోకి వచ్చింది. తెరిస్తే మా మామ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా అంచును చేత్తో నిమురుతూ, "మా అమ్మ మెట్టుమెట్టుకీ పసుపు రాస్తా పోతా ఉంటే, కుంకం గిన్నె పట్టుకుని నేను ఎనకాల ఎక్కతా ఉండాను. ఆయాసం వచ్చి ఆడనే కూలబడినాను. అప్పుడు కనపడింది ఈ బొట్టు" అంటున్నాడు. చేతులు కూడా నాలాగే తిప్పుతున్నాడు.

నా భుజం మీంచి చూస్తున్న అవ్వ సీరియల్ ఆపించింది.

"నేనెప్పుడు ఎక్కినాన్రా మెట్లు? ఈ మోకాళ్ళతో? నన్ను ఎప్పుడూ బస్సులో గదా తీసకపోయిండేది!"

షెడ్డులోకి పరుగెత్తి, మగ్గాల చప్పుడు మీద అరిచాను. మామ ఒక్కొక్క మగ్గమే ఆపుకుంటూ వచ్చాడు, తొందర లేకుండా. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల గీసిందంటే అంత పెద్ద కొట్టు వాళ్ళు నమ్మరన్నాడు. పేరు బయటికొస్తే రేపు ఎవడో ఒకడు నన్ను పిలుచుకుని పోతాడన్నాడు.

"ఒక ఇంట్లో నీదేమి, నాదేమి మే?"

"డిజైన్ తీసుకో మామా. మా అమ్మనెందుకు తీసేసినావు? నీ అక్క అనైనా సెప్పొచ్చు గదా?"

ఆయన వెనక్కి తిరిగి, ఆపిన మగ్గాలను ఒక్కొక్కటే మళ్ళీ నడిపించుకుంటూ పోయాడు. మా అమ్మకు ఫోన్ చేస్తే, "పోనీలేమ్మా, తమ్ముడే గదా. వాడికి పేరొస్తే మనకొచ్చినట్టే" అంది. మామ మీద వచ్చిన కోపం కంటే ఆ మాట మీద వచ్చిన కోపమే నాకు ఎక్కువ. నా కోసం నడుము వంచిన మనిషే ఆ కొండ మీద తాను లేనే లేనట్టు ఒప్పుకుంటుంటే, ఇక నేను ఎవరి తరఫున అరవాలి?

మర్నాడు పొద్దున్న పాలు తెచ్చి నిలబడ్డాను. ఏమీ జరగనట్టు మామ అడిగాడు, ఏం చూశావని. ఏమీ చూడలేదన్నాను. నిజానికి చూశాను, ఆ రోజు వీధిలో చాలా చూశాను. ఆయన నన్ను వెనక్కి పంపలేదు. కాఫీ గ్లాసు నా ముందు పెట్టేశాడు. అది తాగకుండా గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను.

ఇప్పుడు తిరుపతిలో ఒక ఆఫీసులో డిజైన్లే గీస్తున్నాను. చూసే అలవాటు మాత్రం పోలేదు. కాకపోతే అప్పుడు ఏదైనా కంటపడితే ఎప్పుడెప్పుడు చెబుదామా అని కాళ్ళు ఇంటి వైపు పరుగెత్తేవి, ఇప్పుడు ముందుగా ఫోన్ తెర ఎవరికీ కనపడకుండా చేయి అడ్డం పెట్టుకుంటున్నాను. పక్క సీటు అమ్మాయి ఏంటక్కా చూస్తున్నావని అడిగితే, ఏం లేదంటాను. ఎంత త్వరగా వస్తుందో ఆ అబద్ధం.

మామతో నేను మాట్లాడి చాలా కాలమైంది, మాట్లాడను కూడా. కానీ ఒక్క సంగతి మాత్రం నాకు ఈనాటికీ తేలలేదు. అన్ని పొద్దుల్లో, కాఫీ చల్లారబెట్టుకుని ఆయన నా మాటలు విన్నది, ఏ రోజుకైనా పనికొస్తాయని విన్నాడా, లేక నిజంగానే వినడం ఇష్టమై విన్నాడా? మొదటిదే అయితే ఆయన్ని మరిచిపోవడం సులువు. రెండోదే అయితే, అలా వినే మనిషి నాకు మళ్ళీ ఇంతవరకూ దొరకలేదు.