ఏనుగులు ఎక్కిన పైకప్పు

గ్వాలియర్ వెళ్దామన్నది నేనే. ఎనభైల చివర్లో మా ఆయన రాజేశం పనిచేసే బొగ్గుబాయిలో కప్పు కూలింది. ఆయనకు దెబ్బలు మానాయి కానీ, పక్కన పనిచేస్తున్న స్నేహితుడి కాలు పోయింది. ఆనాటి నుంచి ఈయనకు నోట మాట కరువైంది. మెడికల్ సెలవు అయిపోవస్తున్నా డ్యూటీ ఊసు ఎత్తడు.

పక్కింటి రజియా అక్క చెల్లెలు నస్రీన్‌ది గ్వాలియర్. "ఓపాలి తీస్కపోవే, జర మనసు మారుతది. ఆడ రాజమహల్ల బల్ల మీద వెండి రైలు ఉరుకుతదట" అంది అక్క.

రామగుండం స్టేషన్‌లో మధ్యాహ్నం ఢిల్లీ వైపు బండి ఎక్కాం. బెర్తులు ముందే రిజర్వు చేయించుకోండి, ఎండాకాలం అసలు దొరకవు. సర్వపిండి, చింతకాయ తొక్కు వెంట తెచ్చుకున్నాం. ఎదురు సీట్లో జగిత్యాల జవాను. "ఏం పని చేస్తవే అన్న?" అని అడిగితే ఈయన కిటికీ వైపు తిరిగాడు. "బాయిల చేస్తడు తమ్మీ" అని నేనే చెప్పాను.

మర్నాడు పొద్దున గ్వాలియర్‌లో దిగాం. నస్రీన్ వేడి రొట్టెలు, ఆలుగడ్డ కూర పెట్టి, టాంగా మాట్లాడి పంపింది. టికెట్లు గేటు దగ్గరే ఇస్తారు. మహల్ సెలవు రోజు ఏదో కనుక్కుని వెళ్లండి.

భోజనశాలలో పొడవాటి బల్ల, దాని మీద పట్టాలు, వెండి రైలు. విందుల్లో అతిథుల ముందుకు సీసాలు మోసుకొచ్చేదట. "మన బాయిల బొగ్గు మోసే టబ్బుల లెక్కనే ఉన్నయి కదనే!" అని ఈయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

పైన దర్బారు హాలు. కప్పుకు రెండు షాండ్లియర్లు, ఒక్కోటి మా క్వార్టరంత. ఈయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వాటిని వేలాడదీసే ముందు కప్పు మీదికి ఎనిమిది ఏనుగులను ఎక్కించి, బరువు ఆగుతుందో లేదో చూశారని గైడు హిందీలో చెబితే, నేను తెలుగులో చెప్పాను.

"ఏనుగులు పైనున్నప్పుడు కింద ఎవలు నిలవడ్డరో అడుగు" అన్నాడు.

గైడు నవ్వేశాడు. "ఎవరో కూలీలై ఉంటారు."

"నా అసుంటోడే" అన్నాడు ఈయన మెల్లగా. కాసేపు పైకే చూశాడు. తర్వాత నలుగురిలో నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.  హాలు నడిమధ్య దాకా వచ్చి, ఆ కప్పు కిందే నిలబడ్డాడు.

తిరుగుబండిలో ఝాన్సీ దాటాక అన్నాడు: "సెలవు అయిపోంగనే డ్యూటీకి పోత. భయమైతే పోలే. గానీ పోత."

నేను నారింజ ఒలిచి చేతిలో పెట్టాను.

భోపాల్‌లో మంచిర్యాల అవ్వ ఒకామె ఎక్కి, "ఏం చూసొస్తుండ్రు బిడ్డా?" అంది. ఈయనే అందుకున్నాడు. మహల్, మెట్లు, రైలు, ఏనుగులు. నాగపూర్ వచ్చేసరికి ఏనుగులు ఇరవై అయ్యాయి, ఒకటి పైన ఘీంకరించింది కూడా. "నిజమేనా?" అని అవ్వ నన్ను అడిగింది. నిజమేనన్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.