ఊరి బూడిద

కాఫీ కాచడం అయిపోయాక అల్మాజ్ కుంపటిలో మిగిలిన నిప్పుల మీద గుప్పెడు నీళ్ళు చిలకరిస్తుంది. ఇథియోపియాలో నేను పనిచేస్తున్న ఈ నేత మిల్లులో రోజూ మధ్యాహ్నం జరిగేదే ఇది. తడిసిన బూడిద వాసన ముక్కుకు తగలగానే నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. అల్మాజ్ వయసులో నాకంటే పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి, నా దగ్గర పోగులు అతకడం నేర్చుకుంటోంది. వేళ్ళు నొప్పా అని ఒకసారి అడిగింది. కాదన్నాను. సూరత్‌లో ఒక మనిషి ఉండేవాడనీ, ఈ వాసన వస్తే ఆయన పక్కన కూర్చున్నట్టు ఉంటుందనీ చెప్పడానికి మా ఇద్దరికీ వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలలేదు. ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాజేశం. సూరత్ బమ్రోలి వాడలో మా వరస గదుల్లో చివరి గది ఆయనది. భార్య పోయింది, పిల్లలు లేరు. మా అమ్మానాన్నల కంటే ముందే, సిరిసిల్ల వైపున్న మా ఊరి నుంచే సూరత్ వచ్చాడు. చుట్టం కాకపోయినా మా అమ్మను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. నాన్న పోయాక మా ఇంటి మంచిచెడ్డలు చూసిందీ, నాకు పని నేర్పిందీ ఆయనే. మరమగ్గాలను మేం సాంచెలంటాం. సాంచె మీద నిలువు పోగులు చుట్టిన భీము అయిపోవచ్చినప్పుడు కొత్త భీము ఎక్కిస్తారు. పాత పోగులను మాత్రం లాగి పారేయరు. వాటి కొసలను అలాగే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. పాతవి ముందుకు నడుస్తూ కొత్తవాటిని తమ వెంట తీసుకుపోతాయి. పెద్ద కార్ఖానాల్లో ఈ పనికి మిషన్లు వచ్చాయి గాని, మా సేఠ్ లాంటి చిన్న యజమానులకు మామ వేళ్ళే దిక్కు. బూడిద అద్దిన వేళ్ళతో రెండు కొసలు పట్టుకుని ఒక్క మెలి తిప్పి వదిలేవాడు. ఆ అతుకు ఎక్కడుందో మళ్ళీ వెతికినా దొరికేది కాదు.

ఆ బూడిదను ఒక రేకు డబ్బాలో పెట్టుకుని, నిద్రపోయేటప్పుడు తప్ప నడుముకే ఉంచుకునేవాడు. అది మా ఊరి బూడిద అనేవాడు. ఆవుపిడకలు కాల్చి తన వదిన జల్లెడ పట్టి పంపుతుందట. ఆ పట్టు సూరత్ బూడిదకు రాదట. సాయంత్రాలు గుమ్మం ముందు మంచం వేసుకుని ఊరిని పొగడడం మొదలుపెడితే ఇక ఆపేవాడు కాదు. అక్కడి గాలి, అక్కడి సీతాఫలం, చివరికి అక్కడి ఎండ కూడా గొప్పవే. మా అమ్మ పని మానుకుని మరీ వినేది. నేను సూరత్‌లో పుట్టినవాణ్ణి. ఆ ఊరు నాకు పెళ్ళిళ్ళకూ చావులకూ చూసిన చోటు మాత్రమే. పైగా అనుమానం నా పుట్టుగుణం. కూరలమ్మే వాడి తక్కెడనూ, అకారణంగా నవ్వే సేఠ్‌నూ, తన ఊరిని పొగిడే మనిషినీ ఒకే చూపు చూస్తాను. అంత బాగుంటే మరి ఇక్కడికెందుకు వచ్చినవని ఒకనాడు అడిగేశాను. "బువ్వ లేక వచ్చిన. దానికి ఊరేం జేస్తది?" అన్నాడు. జవాబు బాగానే ఉంది గాని నాకు నమ్మకం కుదరలేదు.

పని నేర్చుకునే రోజుల్లో ఒక తప్పు చేశాను. భీము అయిపోయిన సాంచె మీద పాత పోగుల కొసలు చిక్కుపడి అసహ్యంగా కనిపిస్తుంటే, మామ వచ్చేలోపు శుభ్రం చేసి మెప్పు పొందుదామని కత్తెరతో మొదలంటా కోసేశాను. పోగులన్నీ వాటిని విడివిడిగా పట్టి ఉంచే అచ్చులోంచి జారిపోయాయి. అతకడానికి ఏమీ మిగలలేదు. ఇక ప్రతి కొత్త పోగునూ అచ్చు సందుల్లోంచి మొదటి నుంచీ దూర్చుకు రావలసిందే. సేఠ్ నన్ను వెళ్ళగొడతానన్నాడు. మామ తిట్టలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజంతా పోగులు దూరుస్తూ ఉండిపోయాడు. చీకటి పడబోతుండగా ఒకే మాట అన్నాడు. "పాతది కోస్తే కొత్తదాన్ని దేనికి అతుకుతవురా?"

తర్వాత కరోనా వచ్చింది. సాంచెలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో బతికినవాణ్ణి, అది ఆగితే చెవులు పోయాయేమో అనిపించింది. కొన్నాళ్ళకు జనం కదలడం మొదలైంది. కొందరు రైళ్ళ కోసం ఎదురుచూశారు, కొందరు నడిచిపోయారు. మా వాడకట్టు వాళ్ళు కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు. మా అమ్మ అందరికంటే ముందు మూట కట్టింది. ఊళ్ళో ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు ఎల్లయ్య ఉన్నాడు. చస్తే తమ్ముడి వాకిట్లో చస్తాను గాని ఈ రేకుల గదిలో కాదని కూర్చుంది. రోజూ ఊరి పేరు జపించే రాజేశం మామ అప్పుడే అడ్డం తిరిగాడు. "గిప్పుడు పోవద్దు చెల్లె, జర ఆగు," అంటూ పొద్దునా సాయంత్రం వచ్చి చెప్పేవాడు. ఎందుకు ఆగాలంటే మాత్రం నీళ్ళు నమిలేవాడు. అమ్మకు అది అర్థం కాలేదు. నాకు బాగా అర్థమైందనుకున్నాను.

మా వాడలో అప్పటికే గుసగుసలు లేచాయి. మూసిన కార్ఖానా తాళంచెవి మామ దగ్గర ఉంది. మధ్యాహ్నం పూట అందరూ లోపల పడుకుంటే ఆయన మూతికి తువ్వాలు కట్టుకుని అటు పోతున్నాడు. పనివాళ్ళు వెళ్ళిపోతే సాంచెలు ఎవరు నడుపుతారు? సేఠ్ మనిషయ్యాడు, మనల్ని పోకుండా ఆపడమే ఈయన పని అన్నారు. నాకు ఆ మాటలో ఒక్క పొల్లు కూడా కనిపించలేదు. ఒకనాడు ఆయన వెంట దూరంగా నడిచాను. కిటికీ చువ్వల్లోంచి చూస్తే, ఆయన ఒక్కో సాంచె దగ్గరికీ వెళ్ళి, బిగిసి ఉన్న పోగులు తెగిపోకుండా భీమును వదులు చేసి, పైన పాత గుడ్డ కప్పుతున్నాడు. అంతవరకూ ఫరవాలేదు. తర్వాత వెనక తలుపు తీసుకుని ఆవరణలోకి వచ్చాడు. పక్కనే ఉండే పాలవాళ్ళు భర్వాడుల పశువుల కొట్టం నుంచి తెచ్చిన పిడకలు అక్కడ కాలిపోయి చల్లారి ఉన్నాయి. ఆ బూడిదను పాత చీర ముక్కలో జల్లించి రేకు డబ్బా నింపుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వదిన పంపే బూడిదట, ఊరి ఆవుల పిడకలట. ఇంతకాలం నేను వేళ్ళకు అద్దుకున్నది బమ్రోలి గేదెల పేడ. బూడిద విషయంలోనే ఇంత అబద్ధమాడిన మనిషి ఇక దేంట్లో నిజం చెబుతాడు? అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. వదిన పోయి ఎన్నో ఏళ్ళయిందని, అప్పటి నుంచీ ఇదే బూడిదని చెప్పాడు. మరి ఊరిదని ఎందుకు చెప్పావన్నాను. "సూరత్‌దంటే దోసెడు తీస్తరు, పోగు ఖరాబైతది. ఊరిదంటే చిటికెడే తీస్తరు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్ళి అమ్మ మూటకు ఇంకో ముడి వేశాను.

వ్యాను బయల్దేరే పొద్దున మామ నన్ను వీధి కొళాయి దగ్గరికి పిలిచాడు. మూతి మీది తువ్వాలు తీయకుండానే మాట్లాడాడు.

"మీ ఎల్లయ్య మామ నాకు ఫోన్ జేసిండు. ఊరి తొవ్వకు ముండ్లకంప కొట్టిండ్రట. సూరత్ కెల్లి వచ్చెటోళ్ళను రానిస్తలేరట. అక్కను రావద్దని నువ్వే ఏదన్న జెప్పు, నా నోటికెల్లి రాదన్నడు."

"మరి గా మాట అమ్మకే చెప్పరాదు?"

"చెప్తే ఇయ్యాల ఆగుతది. రోగం పోయినంక గా ఇంటికి ఎట్ల పోతది? తమ్ముని చేతి ముద్ద ఎట్ల మింగుతది? గా కొస కోయకు శీనూ. ఆమెకున్నది గదొక్కటే."

ఆ మాటను కూడా నేను నమ్మలేదు. ఆయన ముందే ఎల్లయ్య మామకు ఫోన్ చేసి, ఈ రోజే బయల్దేరుతున్నామని చెప్పాను. అటు నుంచి, "రాజేశమన్న అక్కతోటి చెప్పిండా అల్లుడా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. చెప్పొద్దని బతిమాలుతూ ఏడ్చేశాడు. ఇంట్లో పసిపిల్ల ఉందట, ఊరంతా తన మీద పడిందట. ఆ ఏడుపులో నటన ఏమైనా ఉందేమోనని చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. సిగ్గు, భయం, అంతే.

నేను ఫోన్ జేబులో పెట్టుకునేసరికి రాజేశం మామ మా గుమ్మంలో ఉన్నాడు. మూట మీద చెయ్యి వేసుకుని కూర్చున్న అమ్మతో, వ్యానులో మీ పేర్లు నేనే తీపిచ్చిన చెల్లె, సాంచెలు మళ్ళ నడిస్తే శీను లేకుంటే నా పని నడవదు అన్నాడు. అమ్మ మూట మీంచి చెయ్యి తీసేసింది. "నువ్వు సేఠ్ మనిషివే అన్న. అందరు చెప్తనే ఉన్నరు, నాకే కండ్లు లేకపాయె," అంది. ఆయన తల దించుకుని తన గదికి వెళ్ళిపోయాడు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఒకే కొళాయి దగ్గర ఇద్దరూ బిందెలతో నిలబడితే ముఖం తిప్పుకునేది. వాడలో మిగిలినవాళ్ళూ అంతే. సాయంత్రాలు మంచం వేయడం మానేశాడు. ఆయన పొగడ్తలు వినలేక చెవులు మూసుకున్న నాకే, ఆ గుమ్మం బోసిగా ఉంటే ప్రాణం ఉసూరుమనేది.

వ్యానులో వెళ్ళినవాళ్ళలో కొందరిని ఊరి బయట బడిలో ఉంచారని తర్వాత తెలిసింది. ఇంకొందరికి మాత్రం వాళ్ళ వాళ్ళే ఎదురొచ్చి కంప తీశారట. మేం కూడా వెళ్ళి ఉంటే, అక్కను కళ్ళారా చూశాక ఎల్లయ్య మామ కంప పక్కకు లాగేవాడేమో. రాజేశం మామ చేసింది సరైనదేనా అని నేను ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆయన్ను అడిగితే ఏమనేవాడో తెలియదు.

దసరా నాటికి దారులు తెరుచుకున్నాయి. అమ్మ ఊరికి వెళ్ళింది. ఎల్లయ్య మామ బస్సు దగ్గరికి ఎదురొచ్చి, ఆమె చేతిలోని సంచీ అందుకుని, కాళ్ళ మీద పడ్డాడట. ఎందుకు పడ్డాడో ఆమెకు తెలియదు. ప్రేమ అనుకుంది. కోడి కోశాడని, కొత్త చీర పెట్టాడని, ఇంకో నాలుగు రోజులు ఉండమని పట్టుబట్టాడని తిరిగొచ్చి ఎన్నిసార్లు చెప్పిందో. వస్తూ వస్తూ తమ్ముడి ఇంటి పొయ్యిలోంచి ఒక సంచీడు బూడిద తెచ్చింది. ఎంత సేఠ్ మనిషైనా ఊరి బూడిద లేకుంటే ఆయన చెయ్యి ఆడదు, పోయి ఇచ్చి రా అంది. నేనొక్కణ్ణే వెళ్ళలేదు, మళ్ళీ నడుస్తున్న కార్ఖానాకు ఆమెను కూడా తీసుకువెళ్ళాను. మామ రెండు చేతులా ఆ సంచీ అందుకున్నాడు. చిటికెడు తీసి, పక్కనే ఉన్న రెండు పోగులు మెలి తిప్పి చూశాడు. "ఊరిది ఊరిదే చెల్లె," అన్నాడు. అమ్మ ముఖం విప్పారింది. ఆమె అటు తిరిగాక నా చెవిలో, "జారుతున్నదిరా," అని గొణిగి, దాంట్లో సగం బమ్రోలి బూడిద కలిపేశాడు. కార్ఖానాలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆయన నవ్వడం నేను అలా చూసింది అదే చివరిసారి. మరుసటి ఎండాకాలం రెండోసారి రోగం విజృంభించినప్పుడు ఆయన పోయాడు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆయన తన ఊరు మళ్ళీ చూడలేదు.

ఈ దేశానికి వచ్చాక, ఆదివారాలు ఇక్కడి మనవాళ్ళు ఒకచోట కూడినప్పుడు ఇండియాను ఆకాశానికెత్తుతారు. నేను మూలన కూర్చుని, నా పుట్టుగుణం కొద్దీ, అంత బాగుంటే మరి ఎందుకు వచ్చినట్టో అనుకుంటాను. ఇంతలో బువ్వ లేక వచ్చినన్న మామ జవాబు గుర్తొస్తుంది. అమ్మ ఫోన్ చేసినప్పుడు తమ్ముడి సంగతులన్నీ చెప్పి, చివరికి, "రాజేశమన్న మంచోడే గని, ఆనాడు మనల్ని పోనియ్యకపాయె," అంటుంది. ప్రతిసారీ నిజం చెప్పేసి ఆ మనిషికి ఆ మచ్చ తీసేయాలని ప్రాణం కొట్టుకుంటుంది. తీస్తే ఆమెకు తమ్ముడు ఉండడు. అవునమ్మా అంటాను.

అల్మాజ్‌కు పని నేర్పిన మొదట్లో, ఆమె కుంపటిలోని బూడిదనే ఆమె ముందు పెట్టాను. తన ఇంటి వస్తువు కదా, గుప్పెడు తీసి పూసుకుని పోగులన్నీ నల్లగా చేసింది. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి, అదే కుంపటి అడుగున ఉన్న పొడి బూడిదను జల్లించి, ఒక రేకు డబ్బాలో పోసి మూత పెట్టాను. పనికి కూర్చున్నప్పుడు ఆమె డబ్బా చూసి, ఇది ఎక్కడిదని అడిగింది. మా దేశం నుంచి తెప్పించానని చెప్పాను. మూత తీసి వాసన చూసింది. ఒకసారి నా ముఖంలోకి, ఒకసారి కుంపటి వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అయినా చిటికెడే తీసుకుంది.