సూది తగిలిన తెల్లగుడ్డ

మా అత్త పోయింది. పోయిన నెల ఒక తెల్లారి పొయ్యి ముట్టించి, ఎసరు పెట్టి, గుంజకు ఆనుకొని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. ఒంటిమిట్ట చుట్టుపక్కల నేతపల్లెల్లో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు అరుదు గనక ఆ కబురు ఇప్పటికే చాలామందికి చేరి ఉంటుంది. చేరని కబురు ఇంకొకటుంది. నేతగాడి ఇంట పుట్టి, నేతగాణ్ని పెళ్లాడి, నేతగాణ్ని కని పెంచిన ఆమె చీటీ మీద ఇచ్చే కంట్రోలు అంగడి మిల్లుగుడ్డలో కాటికి పోయింది. ఆమె కోసమని మా మామ తన చేత్తో నేసిపెట్టిన గుడ్డ ఒకటుండేది. దాన్ని కత్తెరతో కోసినదాన్ని నేనే. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే. ఆమె మంచిదని చెప్పడానికి నా సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే మామ లేడు. ఆయన కూర్చున్న మగ్గం గుంతలో మా ఇంటాయన కూర్చునేవాడు. అత్త నూలు ఆసు తోడుతూ, కండెలు చుడుతూ, ఆ పని అయ్యాక పంచలో బొంత పరుచుకునేది. సూదిని ఎప్పుడూ కొంగు చివర గుచ్చుకొని ఉండేది. కుట్టుకు దారం కొనేది కాదు. చిరిగిన పంచె అంచులోంచి పోగులు లాగి, రెండు కలిపి తొడమీద పేనేది. ఏ పాత గుడ్డనైనా ముందు చౌడుమట్టితో ఉతికి, ఎండలో ఆరేసి, ఆరినాక ముక్కు దగ్గర పెట్టుకొని చూసేది. వాసన పోలేదనిపిస్తే మళ్లీ ఉతికేది. బలంగా ఉన్న గుడ్డను ఒంటికి తగిలే వైపు వేసి, నలిగినదాన్ని లోపల పెట్టేది. అందరూ దానికి తిరగేసి చేస్తారు, పైకి అందంగా కనబడాలని.

"చూసేవాళ్లు కప్పుకుంటారా అమ్మీ?" అనేది నన్ను చూసి. "కప్పుకునేవాళ్లకు కదా మెత్తగుండాల్సింది."

మా వీధి ఆడవాళ్లకు అప్పట్లో ఒక జబ్బుండేది. అందరికంటే ఎక్కువ నాకే. కడప దర్జీల దగ్గర మిగిలిన కత్తిరింపు ముక్కలు మూటగట్టుకొని ఒక సాయిబు పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. పూలపూల చీటిగుడ్డ, మెరిసే రైకముక్కలు, ఎర్రంచువి, నీలపు చారలవి అన్నీ అరుగు మీద పరిచి, "ఊరికే చూడండమ్మా, చూస్తే ఏం పోతాది" అనేవాడు. చూస్తే ఉన్నదంతా పోయేది. కొన్న ముక్కల్ని కుట్టేవాళ్లమా అంటే అదీ లేదు. ఇంత మంచి ముక్క, మంచి బొంతలోకే వాడాలని మూటలో దాచేవాళ్లం. కుట్టే రోజు వచ్చేసరికి మూటలోది కోయడానికి చేతులు రావు, మళ్లీ సాయిబు కోసం కాచుకొని ఉండేవాళ్లం. నేసేవాళ్ల ఇళ్లలో దూలానికి వేలాడేవన్నీ కుట్టని గుడ్డల మూటలే.

యుద్ధం వచ్చి నూలు కంట్రోలు పెట్టినాక మగ్గాలు ఒకటొకటే ఆగాయి. కాస్త నూలు దొరికి నేసిన గుడ్డ కూడా నూలు ఇచ్చినవాళ్లకే పోయేది, ఇంట్లో మూరెడు మిగిలేది కాదు. అయినా సాయిబు వచ్చినప్పుడు అరుగు మీద గుంపు మాత్రం తగ్గలేదు. ఒకరోజు అత్త లేచి వచ్చి ఆ గుంపు నడుమ నిలబడింది.

"ఏమప్పా సాయిబూ, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు కొన్నాళ్లు ఈ వీధికి రావద్దు" అంది. తర్వాత మావైపు తిరిగింది. "ముందు ఇండ్లలో ఉండేటివి విప్పండి. మూట అడుగు కనపడిందాకా ఒక్క ముక్క కొనేది లేదు. ఎవురి కోసరం దాస్తాండారు? పురుగుల కోసరమా?"

ఆ పూట నేను ఒక పసుపు రంగు చీటిగుడ్డ చేతిలో పట్టుకొని ఉన్నాను. చిన్నచిన్న ఎర్ర మొగ్గలు దానిమీద. నేను కడుపుతో ఉన్నాను, పుట్టబోయే బిడ్డ బొంతలోకి కావాలనుకున్నాను. అత్త దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసి సాయిబుకు ఇచ్చేసింది. పదిమందిలో. ఆ పసుపు ముక్క నా గుండెలో చాలా రోజులు ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అంత చిన్న ముక్క అది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మా పంచలో మూటలు విప్పడం మొదలైంది. ఎవరి మూట వాళ్లు తెచ్చి, అందరిముందూ విప్పి, ఏ ముక్క ఎందుకు దాచుకున్నారో చెప్పి మరీ కోయాలి. ఒకామె పెళ్లిచీర కొంగు పట్టుకొని ఏడ్చింది. ఒకామె ఏడేళ్లనాటి రైకముక్క తీస్తే మడతల్లో చిల్లులు పడి ఉన్నాయి. నవ్వినవాళ్లు నవ్వారు, తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు. కోయడానికి చేయిరాని వాళ్ల చేతి మీద అత్త తన చేయి వేసి, కత్తెర తానే కదిపేది. ఆ చలికాలంలో మా వీధిలో బొంత లేకుండా పడుకున్న పిల్ల లేదు. పక్క ఊళ్లలో గోనెసంచులు కప్పుకున్నారు.

అందరి మూటలూ విప్పించిన మనిషి తన మూట మాత్రం విప్పలేదు. ఈతాకుల బుట్ట అడుగున, నల్లటి కంబళి ముక్కలో చుట్టి, మూడు ముడులు వేసి ఉండేది. అందరూ ఎగతాళి చేశారు.

"మావి విప్పిస్తివి కదక్కా, నీది విప్పవేం?" అని ఎదురింటి అవ్వ కూడా ఒకసారి అడిగింది. ఆమె అడిగింది వేళాకోళానికే, ఎందుకు విప్పదో ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

"అది నాది కాదులే" అంది అత్త, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆమెది కాకపోతే ఎవరిది? నా చేతిలో ముక్క లాక్కొని తిప్పి పంపిన మనిషి తనది మాత్రం దాచుకుంటుందా అని నాకు కసిగా ఉండేది. ఇదీ ఉన్నమాటే, దాచి ప్రయోజనం లేదు.

చైత్రంలో కోదండరాముడి ఉత్సవాలకు అత్త ఒంటిమిట్ట పోయింది. కళ్యాణం చూసి వస్తానని నాలుగు రోజులు అక్కడే ఉంది. నా బిడ్డ అప్పటికి నెలల పిల్ల. ఆ బిడ్డ బొంత సగంలో ఆగి ఉంది, నా మూట ఎప్పుడో అయిపోయింది. మా ఇంటాయన నూలు కోసం కడప పోయి ఉన్నాడు. మధ్యాహ్నం బిడ్డను నిద్రపుచ్చి, ఈతాకుల బుట్ట దించాను. మూడు ముడులూ విప్పాను. లోపల రంగు ముక్కలు ఏమీ లేవు. తెల్లటి గుడ్డ ఒక్కటే, ముతకది, గట్టి నేత, మగ్గం మీంచి దించినది దించినట్టు మడిచి ఉంది. ఇంత గుడ్డ పెట్టుకొని మమ్మల్ని పీలికలు కుట్టమంటుందా అనుకున్నాను. మూటలో ఉన్నది ఏదైనా కోయాల్సిందే అని చెప్పింది ఆమే కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

జానెడు చదరాలుగా కోశాను. రంగు ముక్కకు పక్కన తెల్ల ముక్క, తెల్ల ముక్కకు పక్కన రంగు ముక్క. మూడు రోజులు తల ఎత్తకుండా కుట్టాను. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ కుట్టలేదు, ఆ తర్వాతా కుట్టలేదు.

అత్త ప్రసాదం మూటతో వచ్చి, కాళ్లు కడుక్కొని, బిడ్డను ఎత్తుకోవడానికి వంగి, బిడ్డ కింద పరిచిన బొంత చూసింది. బిడ్డను ఎత్తుకోలేదు. తర్వాత కింద కూర్చొని, ఒక తెల్ల చదరం మీద వేలు పెట్టి రుద్దింది.

"ఈ గుడ్డ యాడిది?"

"నీ మూటలోదే అత్తా. మూట అడుగు చూడమన్నావు కదా" అన్నాను. గొంతులో గర్వం నాకే వినబడింది.

ఆమె లేచి లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. మళ్లీ కూర్చొని, బొంత అంచు నుంచి అంచు దాకా ప్రతి తెల్ల చదరాన్నీ తడిమింది. కుట్లు చూస్తోందనుకున్నాను.

"కుట్లు శానా దగ్గరగా వేసినావు" అంది చివరికి. "గట్టిగుండాది. బిడ్డకు బాగుంటాది."

అంతే. ఆ మాటను మెచ్చుకోలు అనుకొని నాలుగైదేళ్లు మోశాను. వీధిలో చెప్పుకున్నాను కూడా.

పోయిన నెల ఆ తెల్లారి వీధంతా మా పంచలో చేరింది. పెద్దవాళ్లు చేయాల్సినవి చేస్తున్నారు. ఎదురింటి అవ్వ నా భుజం మీద చేయి వేసి, "ఏడుపు మళ్లా ఏడ్చచ్చు. మీ అత్త మూట తీసకరా అమ్మీ, అందులో గుడ్డుంటాది" అంది.

"ఏం గుడ్డ?"

"నీకు చెప్పలేదా? ముత్తైదువు ఉండే ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని చెప్పలేదేమో. మీ మామ ఒకే పడుగు మీద ఇద్దరికీ నేసినాడు. ఒకటి ఆయనతో పాయ. రెండోది ఆయమ్మది. ఆ గుడ్డ కప్పుకొనే మీ మామ దగ్గరికి పోతానని నాతో ఎన్నితూర్లు చెప్పిందో."

లోపలికి పోయి బుట్ట దించలేదు. బిడ్డ మీద ఉన్న బొంత లాగి తెచ్చి అవ్వ ముందు పరిచాను. ఆమె ముందు అర్థం కాక నన్ను చూసింది. తర్వాత అర్థమై కళ్లు మూసుకుంది.

"ఇదే కప్పుదాం అవ్వా" అన్నాను. "ఆ గుడ్డంతా ఇందులోనే ఉంది. మామ చేతిదే."

"సూది తగిలిన గుడ్డ కప్పకూడదు అమ్మీ. మనోళ్లలో ఎవురూ కప్పరు."

ఇది మా వాళ్ల పద్ధతి. చివరి గుడ్డ కొత్తది కావాలి, కత్తెరా సూదీ తగలనిది కావాలి. బతికినన్నాళ్లూ కుట్టుకున్నది చాలు, పోయేటప్పుడు కుట్టు లేకుండా పోవాలంటారు. వీధిలో ఏ ఇంటా కొత్త గుడ్డ లేదు. మా ఇంటాయన చీటీ రాయించుకొని కంట్రోలు అంగడికి పరుగెత్తాడు. చావుకు గుడ్డ కావాలన్నా చీటీ ఉండాల్సిన కాలం.

ఆయన వచ్చేలోపల నేను అత్త కాళ్ల దగ్గర కూర్చొని కుట్లు విప్పాను. ఎవరు చెప్పినా వినలేదు. ఆమె కొంగున ఉన్న సూదితోనే విప్పాను. గట్టిగా, దగ్గరగా వేసిన కుట్లు, ఒక్కొక్కటీ రానంటే రానన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పదకొండు చదరాలు వచ్చాయి. చదరాలు పక్కపక్కన పేర్చి, సూది తగలకుండా ఊరికే పరిచి కప్పుదాం అన్నాను. పిచ్చిదానిలా ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాను. అవ్వ ఒక చదరం తీసి వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. నాలుగు అంచుల వెంబడి సన్నటి బెజ్జాలు, వరసగా, ఎండ వాటిలోంచి చుక్కలు చుక్కలుగా ఆమె మొహం మీద పడింది.

"దారం తీసినావు. బెజ్జం యాడ తీస్తావు?" అంది. కోపంగా అనలేదు.

మిల్లుగుడ్డ వచ్చింది. గంజి వాసన వేసే పలచటి గుడ్డ, చీటీలో రాసిన కొలతే ఇచ్చారు. తల కప్పితే పాదాలు బయటపడ్డాయి. పాదాలు కప్పుదామని లాగితే నుదురు బయటపడింది. చివరికి పాదాలు అట్లాగే వదిలేశారు. ఊరందరి కాళ్లూ కప్పిన మనిషి పాదాలు అవి.

నాకు ఊపిరాడనిది ఒక్కటే. ఆమె చెప్పి ఉండొచ్చు. కొడుక్కు చెప్పినా చాలు, ఎక్కడో నూలు సంపాదించి ఇంకో గుడ్డ నేసేవాడు. కానీ అడిగితే, ఉన్నదేమైందని అతను అడుగుతాడు. నా పేరు బయటికి వస్తుంది. ఆ ఒక్క మాట రాకూడదని ఆమె తన గుడ్డను వదిలేసుకుంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఈరోజు నాకు ఇంత భారం ఉండేది కాదు. ఆమె మంచితనం మీద నాకు కోపంగా ఉంది. చదివేవాళ్లు తప్పుగా అనుకుంటే అనుకోండి.

కర్మకాండ అయిపోయింది. బొంత మళ్లీ బిడ్డకే ఇచ్చాను. పదకొండు చోట్ల పై గుడ్డ లేక లోపలి నలిగిన పంచెలు కనబడుతున్నాయి. బిడ్డ రోజూ అడుగుతుంది, అక్కడ ఎప్పుడు కుడతావమ్మా అని. ఆ పదకొండు చదరాల్ని మడిచి, నల్ల కంబళి ముక్కలో చుట్టి, మూడు ముడులు వేసి బుట్ట అడుగున పెట్టాను.

మొన్న వీధి ఆడవాళ్లు మా పంచలో బొంత కుడుతూ ముక్కలు చాలక చుట్టూ చూశారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె బుట్టలోకి తొంగి చూసి, "ఆ మూట విప్పక్కా, ఏముండాదో చూద్దాం" అంది. ఎదురింటి అవ్వ చేతిలో సూది ఆగిపోయింది.

"అది నాది కాదు" అన్నాను.

ఆ పిల్ల నమ్మినట్టు లేదు. మధ్యాహ్నమంతా కుడుతూ ఆ బుట్టవైపే చూస్తూ ఉంది.