చిత్తూరు తోటలో కపిలి తోలిన పూట

అడవి కొట్టి ఊళ్లు కట్టిన మొదటి సేద్యగాళ్లు ఎట్లా బతికారో, చిత్తూరు అవతల ఒక మోతుబరి తన తోటలో చేసి చూపిస్తున్నాడని మా బావమరిది చెంగల్రాయుడు చెప్పాడు. మా ఊరి మడులు కొట్టింది మా తాత. ఆయన బతుకును ఎవరో చూపిస్తుంటే, అది సరిగ్గా ఉందో లేదో చూడకుండా ఇంట్లో కూర్చునే మనిషిని కాను. ఇద్దరం బయలుదేరాం.

ఐరాలలో పొద్దున ఏడుకు బస్సు, మనిషికి నాలుగణాలు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి అది బొగ్గుతో నడుస్తోంది. మిట్ట వస్తే జనం దిగి నడవాల్సిందే. చిత్తూరులో దిగి గంట నడిస్తే పదిన్నరకు తోట చేరాం. చూసేందుకు డబ్బు అడగరు. బోదగడ్డి కప్పిన కొట్టం, తిరగలి, విత్తనాల గొర్రు, అన్నీ పనిలోనే ఉన్నాయి. ఒకామె రాగిసంకటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఊరిబిండిలో ఉప్పు తక్కువన్నాను. ఆమె నవ్వి ఉప్పు ముంత నా పక్కన పెట్టి పోయింది.

బావి దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. బావి నీళ్లు తోడే కపిలికి పెద్ద తోలుబాన ఉంటుంది. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే మోకు దాన్ని పైకి లాగుతుంది. బాన అడుగున తోలు తొండం. దాని మూతిని పైకి పట్టి ఉంచేందుకు వేరే సన్నతాడు. అక్కడి మేస్త్రీ ఆ సన్నతాడును ఉండాల్సినదానికన్నా జానెడు ఎక్కువ వదిలాడు. బాన పైకి వచ్చేలోపల సగం నీళ్లు బావిలోకే కారిపోతున్నాయి. చూసేవాళ్లేమో, పాతకాలపోళ్లు పాపం ఇంత కష్టానికి ఇన్నేనా నీళ్లు అని జాలిపడుతున్నారు.

"మా తాత ఇట్ల తోలింటే మా ఊరు ఇప్పటికీ అడివే," అన్నాను గట్టిగా.

మేస్త్రీ ముల్లుకర్ర నా చేతికిచ్చాడు. "అట్లయితే నువ్వే తోలు పెద్దాయనా. సూస్తాం."

"బావా, నువ్వు కపిలి తోలి ఇరవై ఏండ్లాయ. బావిలో పడితే మా యక్కకు ఏం సెప్పేది?" అన్నాడు చెంగల్రాయుడు.

"నీళ్లకు పొయినాడని సెప్పు."

ఆ సన్నతాడు కురచ చేసి ముడి వేశాను. కానీ దిగిన ఎద్దులు వెనకడుగుతో మళ్లీ బావి దాకా రావాలి, అవి కదలలేదు. నా గొంతు వాటికి కొత్త. జనం నవ్వారు. కపిలి ఎద్దు తిడితే రాదు, పాడితే వస్తుంది. అంతమంది ముందు పాడడం నాకు తలకొట్టేసినట్టే ఉంది. అయినా మా తాత కోసం పాడాను. గొంతు రెండుసార్లు జీరపోయింది. మూడోసారికి ఎద్దులు ఒక్కొక్క అడుగే వెనక్కి వచ్చాయి. బాన మునిగింది. ఎద్దులు వాలులో దిగేటప్పుడు మోకు మీద కూర్చున్నాను, నా బరువు కూడా వాటికి సాయంగా లాగాలి కదా. బాన నిండుగా పైకి వచ్చింది. గట్టు మీది తొట్టి పొంగి కాలువ పారింది.

ఎవరూ జాలిపడలేదు. మేస్త్రీ నేను ముడి వేసినచోట సున్నంతో గుర్తు పెట్టుకున్నాడు.

మా తాతలు కష్టపడ్డారు, నిజమే. తెలివితక్కువగా మాత్రం కష్టపడలేదు. ఆ సంగతి ఆ పూట పదిమందికి తెలిసింది. నా ప్రయాణం దండగ కాలేదు. పోవాలనుకునేవాళ్లు పదకొండు లోపల చేరండి. మిట్టమధ్యాహ్నం ఎద్దులను విప్పేస్తారు. ఆ పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు.