కుక్క కోసం దాక్కున్న రోజు

మా ఇంట్లో భయపడే పని మా ఆవిడది. కాపురం చేసినన్నాళ్ళూ ఆ పని ఆమే చూసుకుంది. మా ఊరు నోవైలో మంచు పడ్డ రోజున నేను ఆఫీస్ నుంచి బయల్దేరానో లేదో ఫోన్ చేసేది. ఎక్కడున్నారు, రోడ్లెలా ఉన్నాయి, ముందు ట్రక్కేమైనా ఉందా. నేను కార్ల బ్రేకులు డిజైన్ చేసేవాణ్ణి. బ్రేకుల సంగతి నాకు వదిలెయ్ అని నవ్వేవాణ్ణి. కిందటేడు వేసవి చివర ఆమె పోయింది. ఆమె భయపడినవాటిలో ఏదీ ఆమెని తీసుకుపోలేదు. ఎన్నడూ తలుచుకోని జబ్బు ఒకటి వచ్చి కొద్ది నెలల్లో పని ముగించింది. తర్వాత ఆ భయపడే పని నా మీద పడింది. అలవాటు లేనివాణ్ణి, ఎంత భయపడాలో, ఎక్కడ ఆపాలో తెలియలేదు.

మాకు ఒక్కతే అమ్మాయి. కొలరాడోలో ఒక చిన్న స్కీ ఊళ్ళో స్కీ పట్రోల్‌లో పనిచేస్తుంది. కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని కిందికి చేర్చడం వాళ్ళ పని. అది పగటి పని. పొద్దున్నే, జనాన్ని కొండెక్కించే లిఫ్టులు నడవకముందు, ఇంకో పని ఉంటుంది. రాత్రి పడ్డ మంచు ఎక్కడ విరిగి జారేలా ఉందో చూసి, జనం రాకముందే పేలుడు మందు పెట్టి దాన్ని కూల్చేస్తారు. మంచుచరియ మనుషుల మీద పడకుండా వాళ్ళే ముందు దాని దగ్గరికి వెళ్తారన్నమాట. ఒక్క సీజన్ అని చెప్పి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

పదమూడో రోజు అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళాక, అమ్మాయి సింక్ దగ్గర గిన్నెలు కడుగుతుంటే అడిగాను.

“ఆ ఉద్యోగం మానెయ్యమ్మా.”

“అమ్మ అడగమందా?”

“లేదు. నేనే అడుగుతున్నాను.”

కుళాయి కట్టేసింది. తర్వాత, చేతులు తుడుచుకోకుండానే ఇటు తిరిగింది.

“వన్ వింటర్ నా దగ్గర ఉండు నాన్నా. నేను ఏం చేస్తానో చూడు. సీజన్ చివర, క్లోజింగ్ డే రోజు నువ్వు మానెయ్ అంటే మానేస్తా. ఇక్కడికే వచ్చేస్తా. ప్రామిస్.”

తను మాటిస్తే తప్పదు. అందుకే వెళ్ళాను. చూడటానికి కాదు, చివరి రోజున ఆ ఒక్క మాట అనడానికి.

హెర్న్‌డన్‌లో ఉన్న మా అక్కకి ఫోన్‌లో చెప్పాను.

“ఏడాది తిరక్కుండా కొండెక్కడమేంట్రా?”

“అది దేవుడి కొండకి అక్కా. తిరుపతి, సింహాచలం. ఇది మంచులో జారే కొండ.”

“జారే కొండైతే ఇంకా మంచిదా?”

ఇద్దరం నవ్వాం. కానీ ఆ మాట నాతోపాటే కారెక్కింది. నాకు అలాంటి పట్టింపులు లేవు. అయినా కనుమ దారిలో కారు ఎక్కుతున్నప్పుడు, ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఏమీ లేనప్పుడు, అక్క గొంతు వినబడింది.

ఆ కొండల గురించి రాయను. చూసినవాళ్ళందరూ ఏదో ఒకటి అంటారు, అవేవీ నాకు పనికిరాలేదు. మేమున్న ఇల్లు చెప్తాను. ఒక పాత ఇంటి బేస్‌మెంట్‌లో రెండు గదులు. వంటగదికి ఒక్క కిటికీ, అది కూడా నేల మట్టానికి ఉండేది. నేను వచ్చినప్పుడు అందులోంచి పక్కింటి మెట్లు కనబడేవి. సంక్రాంతి నాటికి మంచు అద్దంలో సగం దాకా వచ్చింది. ఆ తర్వాత పైన చారెడు వెలుతురు మిగిలింది. పారతో తవ్వేవాణ్ణి, మళ్ళీ పూడుకుపోయేది. అమ్మాయి అంది, “వదిలెయ్ నాన్నా, వెచ్చగా ఉంటుంది.” తను మామూలుగానే అంది. నాకు ఆ గదిలో కూర్చుని అన్నం తినడం కష్టమైంది.

ఆ ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి, పప్పు మాత్రం ఉడకదు. కందిపప్పు, ఇంగువ, ఆవకాయ నోవై నుంచి తెచ్చుకున్నాను, కుక్కర్ కూడా. పొద్దున్నే అమ్మాయి వెళ్ళాక పప్పు పెట్టేవాణ్ణి. కుక్కర్ కూతల మధ్యలో పైన కొండ మీంచి పేలుళ్ళు వినబడేవి. ఒకటి, ఇంకొకటి, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. గిన్నెలు సన్నగా అదిరేవి. పేలుడు వినబడితే అక్కడ ఎవరో నిలబడి పని చేస్తున్నారని అర్థం. ఆగిపోతేనే నాకు భయం. పని అయిపోయి ఆగిందా, వేరే కారణానికి ఆగిందా? పేలుళ్ళ పని అయ్యాక అమ్మాయి ఫోన్‌లో ఒక్క మాట పంపేది, ‘డన్’ అని. ఆ మాట వచ్చేదాకా స్టవ్ దగ్గరే నిలబడేవాణ్ణి. రెండుసార్లు పప్పు మాడింది.

మిగతా పొద్దంతా చదివేవాణ్ణి. మంచుచరియ కింద పడి మనుషులు చనిపోయిన ప్రతిసారీ అక్కడ ఒక రిపోర్ట్ రాసి అందరూ చదివేలా పెడతారు. జన్మంతా బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయో రిపోర్టులు చదివినవాణ్ణి, ఇవి చదవకుండా ఉండలేకపోయాను. అందులో పేర్లుండవు. స్కీయర్ వన్, స్కీయర్ టూ. స్కీయర్ వన్ ఇక్కడ నిలబడ్డాడు, ఇక్కడ విరిగింది, ఇంత లోతున దొరికాడు. ప్రతి రిపోర్ట్‌లోనూ స్కీయర్ వన్ స్థానంలో నేను ఎవరిని పెట్టి చదివానో చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. స్కీ ఏరియా బయట ఒక లోయలో మంచుచరియ విరిగి ఒకతను దాని కింద కూరుకుపోయాడట. వెతకడానికి వెళ్తున్నాం, ఫోన్ పని చెయ్యదు. అంతే. ఒకసారి విరిగిన చోట పక్కనే ఇంకోసారి విరగొచ్చని రిపోర్టుల్లో చదివాను. వెతకడానికి వెళ్ళినవాళ్ళు పోయినవీ చదివాను. చీకటి పడేవరకు వంటగదిలో కూర్చున్నాను. కుక్కర్ మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. కొండెక్కకూడదన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

తలుపు చప్పుడైంది. అమ్మాయి నిలబడి ఉంది. మొహం మీద కళ్ళజోడు పట్టీ ఆనవాళ్ళు.

“దొరికాడా?”

“దొరికాడు నాన్నా.” చేతి తొడుగులు తీసింది. “లేడు.”

కావలించుకోవాల్సింది. నా నోటి నుంచి వచ్చింది వేరు.

“ముందు స్నానం చేసి రామ్మా.”

చావు దగ్గరి నుంచి వచ్చినవాళ్ళకి మా ఆవిడ చెప్పే మాట అది. బూట్లు బయటే వదిలి, ఏదీ ముట్టుకోకుండా, నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళింది. తర్వాత తల తుడుచుకుంటూ వచ్చి పెరుగన్నం తింది. ఆ అబ్బాయి వాళ్ళమ్మ కొండ కిందే నిలబడి ఉందట. ఒకటే అడిగిందట, నా కొడుకు కోసం వెంటనే ఎవరైనా వెళ్ళారా అని.

“వెళ్ళాం అని చెప్పా.”

మానెయ్ అన్న ఆ మాట అనేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. క్లోజింగ్ డే దాకా ఎందుకు? రేపు సాయంత్రమే, తను డ్యూటీ నుంచి రాగానే. నాలిక మీద పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది.

“నాన్నా, ఒక హెల్ప్ కావాలి. నో అనొచ్చు.”

నిన్న మంచు కింద అతన్ని కనిపెట్టింది ఒక కుక్క. నల్ల లాబ్రడార్. మంచు కింద మనిషి వాసన పట్టడం దాని పని. దానికి అది పని కాదు, ఆట. వెతికి తవ్వితే లోపల మనిషి ఉంటాడు, తాడుబొమ్మ పట్టుకుని తనతో ఆడతాడు. ట్రైనింగ్ అంతా అలాగే ఇస్తారు. నిన్న తవ్వితే మనిషి ఆడలేదు. అప్పటి నుంచి కుక్క తిండి ముట్టలేదట, దాన్ని పెంచే ఆవిడ ఇంట్లో మూల పడుకుని ఉందట.

“ఎవరైనా బతికున్నవాళ్ళు దొరకాలి దానికి. అప్పుడే బాగవుతుంది. మేము దాక్కుంటే మా స్మెల్ అన్నీ తెలుసు, అంత ఫన్ లేదు. కొత్త మనిషి అయితే బెటర్.”

“నన్ను మంచులో పాతిపెడతానంటావు.”

“కొంచెంసేపు. రేడియో ఇస్తా. నేను పైనే ఉంటా.”

ఎందుకు ఒప్పుకున్నానో సరిగా చెప్పలేను. ఆ చలికాలమంతా నా ఆలోచన ఎక్కడ తిరిగిందో ఆ చోటు లోపల ఎలా ఉంటుందో చూడాలని ఒకటి. ఇంకొకటి, బతికున్న మనిషి కావాలని అమ్మాయి నన్ను అడిగింది. ఆగస్టు నుంచి ఎవరూ నన్ను అలా అడగలేదు.

మెత్తని మంచు దిబ్బలో ఒక గుంత తవ్వి ఉంచారు. మనిషి ముడుచుకుని కూర్చుంటే సరిపోతుంది. కుక్క ఆవిడ, పొడుగాటి మనిషి, యాభై దగ్గర ఉంటాయి, నా కోటు దగ్గర ముక్కు పెట్టి ఏదో అడిగింది.

“ఇంగువ,” అంది అమ్మాయి. “మా కిచెన్ అంతా అదే. నీ డాగ్ పార్కింగ్ లాట్‌లోనే ఫైండ్ చేసేసి ఉంటుంది.”

కింద స్పాంజి ముక్క వేశారు. చేతికి తాడుబొమ్మ, రేడియో ఇచ్చారు. భయమేస్తే బటన్ నొక్కమన్నారు. అప్పుడు అమ్మాయి ఒక మాట చెప్పింది. “నీకు మేము వినబడతాం. నువ్వు మాకు వినబడవు. స్నో అలాగే ఉంటుంది. సో అరిచి లాభం లేదు, బటన్ నొక్కు.”

మంచు దిమ్మలు ఒకటొకటి పేర్చి మూసేశారు. చివరి సందు కూడా పోయింది. వెలుతురు నీలంగా ఉంది. అలా రాయడానికి సంకోచిస్తున్నాను గానీ నీలంగానే ఉంది. నా ఊపిరి ఎదురు గోడకి తగిలి నా మొహం మీదికే వస్తోంది. వాసన పైకి రావాలి కాబట్టి కొంతసేపు ఆగుతారని చెప్పారు. ఎంతసేపని నేను అడగలేదు. రిపోర్టుల్లో ఈ చోటు కొలతలు మాత్రమే ఉంటాయి. ఇంత లోతు, ఇంతసేపు. పైన అడుగుల చప్పుడు, ఎవరో అటుకులు నముల్తున్నట్టు. తర్వాత అమ్మాయి గొంతు, నా తల మీద, చాలా దగ్గరగా.

“మా నాన్న ఈరోజు వంకాయ కూర చేస్తా అన్నాడు. నువ్వు రా.”

“కారమా?”

“నీకు కారమే.”

నవ్వులు. భయం అప్పుడు పట్టుకుంది. వాళ్ళు అంత దగ్గరగా ఉండి నవ్వుతుంటే. “అమ్మా,” అని పిలిచాను. వినబడనని తెలిసి కూడా పిలిచాను. మళ్ళీ గట్టిగా పిలిచాను. పైన అమ్మాయి వంకాయ లోపల ఏం కూరతారో చెప్తూనే ఉంది.

హాస్పిటల్లో చివరి రోజుల్లో మా ఆవిడ కళ్ళు తెరవలేదు. మాట్లాడండి, ఆవిడకి వినబడుతుంది అని నర్స్ చెప్పింది. నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఇంట్లో ఏసీ ఫిల్టర్ మార్చానని చెప్పాను. కరివేపాకు మొక్కకి నీళ్ళు పోశానని చెప్పాను. ఇంతకన్నా పనికొచ్చే మాట ఏదో ఉండి ఉంటుందని, అది నాకు దొరకలేదని అనుకుంటూ వచ్చాను. ఆ గుంతలో కూర్చుని, వంకాయ కూర గురించి వింటూ, ఆ గొంతు ఆగకూడదని మాత్రమే అనుకున్నాను. ఏం మాట్లాడుతోందన్నది కాదు. రేడియో బటన్ మీద వేలు ఉంది. నొక్కలేదు.

తర్వాత అమ్మాయి గొంతు మారింది. తగ్గింది, నిదానమైంది. “వదులు. దాన్ని తొందరపెట్టకు. పని చేసుకోనీ.” అది నాకు తెలియని గొంతు. పనిలో ఉన్నప్పటి గొంతు. నిన్న ఆ అబ్బాయి కోసం వెళ్ళినప్పుడు కూడా ఇదే అయి ఉంటుంది. అతనికి వినబడిందో లేదో.

గోకుడు మొదలైంది. పైకప్పు విరిగి మెడ మీద, నోట్లో మంచు పడింది. ఒక్క క్షణం అయిపోయిందనే అనుకున్నాను. అంతలో ఒక నల్లటి తడి ముక్కు, చేపల వాసన ఊపిరి. కుక్క నా మొహంలోకి చూసింది. కదలకుండా చూసింది. ఈ మనిషి ఎలాంటి మనిషో తేల్చుకుంటున్నట్టు.

“నాన్నా, ఆడు. బొమ్మ చూపించు. ఆడాలి.”

తాడు ముందుకు చాపాను. పట్టుకుంది. లాగింది, నేను లాగాను. మెచ్చుకోవాలి, గట్టిగా మెచ్చుకోవాలి అని పై నుంచి చెప్తున్నారు. నాకు ఇంగ్లీషు రాలేదు. “శభాష్. మా బంగారం. మా తల్లే, ఎంత మంచిదో,” అంటూ, ఏడుస్తూ, ఆ గుంతలో కుక్కతో తాడు లాగాను.

“ఏమంటున్నాడు?” అంది కుక్క ఆవిడ.

“నేను అన్నం తింటే అనేవాడు,” అంది అమ్మాయి. “చిన్నప్పుడు.”

ఆ రాత్రి కుక్క తిన్నదని మెసేజ్ వచ్చింది. నాలిక మీద పెట్టుకున్న మాట నేను ఆ సాయంత్రం అనలేదు.

క్లోజింగ్ డే ఏప్రిల్లో వచ్చింది. ఆ రోజు జనం వేషాలు వేసుకుని స్కీ చేస్తారు. అరటిపండు వేషంలో ఉన్న ఒకతనికి చెయ్యి విరిగితే అమ్మాయి కిందికి చేర్చి వచ్చింది. మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంది. కిటికీలో మళ్ళీ పక్కింటి మెట్లు కనబడుతున్నాయి.

“సరే నాన్నా. చెప్పు.”

“నాకు భయం తగ్గలేదు.”

“తెలుసు.”

“నువ్వు మానేస్తే తగ్గుతుంది.”

“మానెయ్యమంటావా?”

కొండ కింద నిలబడ్డ ఆ తల్లి అడిగిన ప్రశ్న గుర్తుంది. వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. వాళ్ళు వేరేవాళ్ళ పిల్లలైతే బాగుండునని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ మాట నోటితో అనలేకపోయాను.

“అననులే,” అన్నాను.

అమ్మాయి తల దించుకుని రెండో బూటు విప్పింది. చాలాసేపు పట్టింది దానికి.

“కుక్కర్ ఎన్ని విజిల్స్ అయింది?” అంది చివరికి.

నేను లెక్కపెట్టలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. నోవైలో ఉన్నాను. ఏడాది తిరిగింది, సంవత్సరీకం అయింది, అక్క ఇప్పుడు ఏ కొండైనా ఎక్కొచ్చంటోంది. ఇక్కడ పేలుళ్ళు వినబడవు. అందుకని పొద్దున్నే ఫోన్ ముందు పెట్టుకుని స్టవ్ దగ్గర నిలబడతాను. రాత్రి అక్కడ బాగా మంచు పడిందట. ‘డన్’ ఇంకా రాలేదు. అక్కడి టైము మాకన్నా రెండు గంటలు వెనక, ఇంకా తెల్లవారుతూ ఉంటుంది. ఇంకా టైముంది.