శుక్రవారం పన్నెండింటికి చిరిగిన లాగ్ ఫైల్

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను సిస్టమ్ అనలిస్ట్‌గా నాగర్‌కర్నూల్‌కు వేశారు. విత్తనాల దరఖాస్తుల వెబ్‌సైట్ నా బాధ్యత. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కేంద్రాల్లో ఆపరేటర్లు రైతుల వివరాలు ఎక్కించేవారు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో సర్వర్ ఒకే ఫైల్‌లో వరుసగా రాసుకునేది. దాన్నే లాగ్ ఫైల్ అంటాం. ఆ రాసే ప్రోగ్రామ్ నాదే. దాని మీద నాకు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ గర్వమే ఉండేది.

ఒక సోమవారం బల్మూర్ రైతు ఒకాయన తన దరఖాస్తు రద్దయిందని ఫిర్యాదు చేశాడు. లాగ్‌లో వెతికితే శుక్రవారం పన్నెండింటికి అచ్చంపేట ఆపరేటర్ సునీత పేరు పక్కనే 'రద్దు' అని ఉంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. పై అధికారి అడగ్గానే, లాగ్ ఫైలే సాక్ష్యమని నేను ఠక్కున చెప్పేశాను. ఆమెకు మెమో వెళ్లింది. మూడు రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఉద్యోగం పోయినట్టే.

సునీత బస్సెక్కి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"నేను రద్దు చెయ్యలే సార్. శుక్రారం రాహుకాలం పోయేదాంక రైతులు దరఖాస్తు పంపనియ్యరు. అన్ని నింపి పెట్టుకొని, పన్నెండు కాంగనే ఒక్కసారి ఒత్తుతం. గప్పుడు ఇంకొకరిది రద్దు చేసే తీరిక ఏడుంటది?"

అన్ని కేంద్రాల్లోనూ ఇంతేనా అని అడిగాను.

"గద్వాల దిక్కు మానవపాడుల గూడ గిట్లనే. మీకు తెల్వదా సార్?"

తెలియదు. పంచాంగం చూసి ప్రోగ్రామ్ రాయాలని నాకెవరూ నేర్పలేదు.

ఈసారి లైను మొత్తం చదివాను. ముందు గద్వాల వైపు ఒక ఆపరేటర్ పేరు, వెంటనే సునీత పేరు, ఆ తర్వాత 'రద్దు'. కింది లైన్లో పేరే లేకుండా ఒంటరిగా 'నమోదు'. నేను ఒక్కో లైనును రెండు విడతలుగా రాయించాను: ముందు పేరు, తర్వాత పని. సర్వర్‌లో ఒక్కో ఆపరేటర్ పనికి ఒక్కో ప్రాసెస్ చొప్పున ఒకేసారి చాలా నడుస్తాయి. పన్నెండింటికి అందరూ కలిసి ఒత్తేసరికి, ఒకదాని మధ్యలో ఇంకొకటి దూరింది. ఆ 'రద్దు' గద్వాల వైపు ఆపరేటర్‌ది, సునీతది కింది లైన్లోని 'నమోదు'. ఆ ఆపరేటర్ తమ దగ్గరి దరఖాస్తు ఒకటి రద్దు చేయబోయి, నంబరులో ఒక అంకె తప్పు కొట్టడంతో బల్మూర్ రైతు దరఖాస్తు పోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టాం.

ప్రోగ్రామ్ మార్చాను. లైను మొత్తం ముందే కూర్చి, ఫైల్‌కు తాళం వేసి, దాని చివర్లో ఒకేసారి రాసి, అది పూర్తిగా ఫైల్‌లోకి చేరాకే తాళం తీయాలి. అంతవరకు మిగతా ప్రాసెస్‌లు వరుసలో ఆగుతాయి. శుక్రవారాలు కుదుటపడ్డాయి.

తప్పు నాదేనని నివేదికలో రాసి, సునీత మెమో వెనక్కి తీయించాను. చాలా సిగ్గేసింది. ఆమె మాత్రం, "మరి మీకు గూడ మెమో ఇస్తరా సార్?" అని అమాయకంగా అడిగింది.

ఇచ్చారు. జవాబులో ఒక్క వాక్యమే రాశాను: పదిమంది ఒకేసారి రాసే ఫైల్‌లో ఉన్నదాన్ని ఒక మనిషికి అంటగట్టే ముందు, అది ఎలా రాయబడిందో చూడాలి, నేను చూడలేదు.