కొత్త బాసు, పాత బాసు, ఒక పడవ ఆట

కరోనా గోల సద్దుమణిగిన మరుసటేడు సంగతి ఇది. అప్పటికి మా కంపెనీ రుషికొండలో, సముద్రం కనిపించే ఒక ఐటీ బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉండేది. మేం తయారుచేసేది గేమ్ కన్సోల్. అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టె. దానితో పాటు రెండు కంట్రోలర్లు వస్తాయి, చేత్తో పట్టుకుని మీటలు నొక్కేవి. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీలో చాలామంది విని ఉండరు.

నా పేరు ఎస్తేరమ్మ. నా ఉద్యోగం ప్లే టెస్ట్ రూమ్ ఇన్‌చార్జి. ప్లే టెస్ట్ అంటే, ఆట బజారులోకి వెళ్ళకముందే దాని గురించి ఏమీ తెలియని మనుషుల్ని పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, చేతికి కంట్రోలర్ ఇచ్చి, వాళ్ళు ఎక్కడ తడబడతారో ఎక్కడ నవ్వుతారో చూడడం. మనుషుల్ని వెతికి తేవడం, వాళ్ళు ఆడుతుంటే చూడడం, చూసింది చూసినట్టు చెప్పడం నా పని. అంతకుముందు మధురవాడలో ఒక ప్లే స్కూల్లో ఆయాగా చేశాను. పిల్లలు బొమ్మలతో ఎలా ఆడుకుంటారో చూడడానికి కిరణ్ అనే కుర్రాడు అక్కడికి వచ్చాడు. పిల్లల్ని చూడకుండా నన్ను చూశాడు. "ఇంతసేపు నోరెత్తకుండా సూసే మనిషిని నాను ఎక్కడా సూళ్ళేదు. మా కంపెనీకి వచ్చీ పిన్నీ" అన్నాడు. వెళ్ళిపోయాను. కంపెనీ అతనిదే. వన్ టౌన్‌లో వాళ్ళ డాబా మీద రేకుల షెడ్డులో మొదలుపెట్టాడు.

కూర్చుని చూడడమే కదా, అదేం ఉద్యోగం అంటారు చాలామంది. ఒక పూట చేసి చూడండి. మా గదిలో ఒకటే నియమం, ఆడేవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పకూడదు. తప్పు మీట నొక్కుతున్నా చెప్పకూడదు. అడిగినా చెప్పకూడదు. రేపు పెట్టె కొనుక్కున్నవాడి ఇంట్లో చెప్పడానికి మనం ఉండం కదా. మన ఊళ్ళో ఈ నియమం పాటించడం కన్నా కొండెక్కడం నయం. బస్టాండు దగ్గర ఒకడు దారి అడిగితే నలుగురు చెప్పి, ఇంకొకడు వెంట నడిచి మరీ దిగబెట్టే ఊరు మనది.

దానికి తోడు మొహమాటం. మన టీ తాగినవాడు, మన సమోసా తిన్నవాడు ఆట బాగోలేదని చచ్చినా అనడు. "సూపరుంది బాబూ" అనేసి చెప్పులేసుకుంటాడు. అందుకే నేను మాటలు వినను. ఒళ్ళు చూస్తాను. ఆట పట్టేస్తే మనిషి ముందుకి వంగుతాడు. విసుగొస్తే సోఫాకి జారబడి కాలు ఊపుతాడు. కాలుకి మొహమాటం ఉండదు.

పెట్టెతో పాటు ఇచ్చే మొదటి ఆటని లాంచ్ టైటిల్ అంటారు. పెట్టె కొనాలో వద్దో జనం దాన్ని చూసే తేల్చుకుంటారు. దానికోసం కిరణ్ మూడేళ్ళుగా ఒక పడవ ఆట చేయిస్తున్నాడు. తుఫానులో తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ అన్నదమ్ములిద్దరు చెరో పడవలో బయల్దేరతారు. కథ మంచిదే. తెర మీద నీళ్ళు చూస్తే చెయ్యి పెట్టబుద్ధేసేది. కానీ టెస్టు పెట్టినప్పుడల్లా కిరణ్ వచ్చి సోఫా చేతి మీద కూర్చునేవాడు. "బావా, ఎడమకి తిప్పు. ఆఁ. ఇప్పుడు తాడు ఇసురు. అదీ!" పడవ గట్టు చేరేది. అందరూ చప్పట్లు కొట్టేవారు.

"నువ్వు బయటికెళ్ళు నాయనా, ఆళ్ళని ఆడనీ" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"మనింటికొచ్చినోళ్ళని నీళ్ళలో అలగ ఒగ్గీమంటావేటి పిన్నీ?" అని నవ్వేవాడు.

కంపెనీ అతనిది. మెడపట్టి గెంటలేను కదా. "ఆళ్ళు ఆడనేదు, నువ్వే ఆడేవు" అని ప్రతి టెస్టు తరవాతా మొహానే చెప్పేదాన్ని.

ఇంతలో డబ్బు పెట్టినవాళ్ళు కిరణ్‌ని పెద్ద కుర్చీలోంచి దించారు. పెట్టె ఎంతకీ బజారులోకి రావడం లేదని వాళ్ళ బాధ. సీఈవోగా హైదరాబాదు నుంచి వసుంధర గారిని తెచ్చారు. కిరణ్‌కి క్రియేటివ్ డైరెక్టర్ హోదా ఇచ్చారు. ఆటలు ఎలా ఉండాలో ఆలోచించే పెద్ద అన్నమాట. కాకపోతే అతను ఆలోచించింది ఆమె ఒప్పుకోవాలి. ఆమె దారి వేరు. సొంత కథలు పక్కన పెట్టి, విదేశాల్లో ఇప్పటికే జనం ఆడుతున్న ఆటలు తెచ్చి పెట్టెలో నింపేద్దామంటారు. ఆఫీసు రెండు ముక్కలైంది. లిఫ్టులో కూడా "నువ్వెవరి వైపు ఎస్తేరమ్మా?" అని గుసగుసగా అడిగేవారు. సోఫాలో కూర్చున్నవాళ్ళ వైపు అన్నాను. తప్పించుకుంటున్నాననుకున్నారు.

వసుంధర గారు ఒకరోజు మా టెస్టుని అద్దం వెనక గదిలోంచి చూశారు. ఆ అద్దంలోంచి వాళ్ళకి మేం కనిపిస్తాం, మాకు వాళ్ళు కనిపించరు. అయిపోయాక నన్ను పిలిచారు.

"ఈ పడవ ఆట ఇప్పటిదాకా ఎన్ని టెస్టుల్లో ఫెయిలయింది?"

"ఒక్కదాన్లోనూ అవ్వనేదమ్మా."

"మీరు నమ్ముతున్నారా?"

"నేదు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పవలసినాయనకే సెప్పేను. ఇప్పుడు మీరడిగేరు, మీకూ సెప్పేను."

మర్నాడు అందరి ముందూ ఆమె తేల్చేశారు. "ఇంకొక్క టెస్టు పెడదాం. గదిలో ఎస్తేరమ్మగారు తప్ప మనవాళ్ళెవరూ ఉండరు. కిరణ్, మీరు నాతో అద్దం వెనక ఉంటారు. ఆడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు మొదటి గట్టు చేరితే ఆట పెట్టెలో ఉంటుంది. చేరకపోతే తీసేస్తాం."

కిరణ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? ఆట పోతే దాన్ని చేస్తున్న జట్టుకి పని లేదు. జట్టు లేని కంపెనీలో నేనూ ఉండనని అప్పటికే నలుగురిలో అనేశాడు. మూడేళ్ళ పనీ, తను పుట్టించిన కంపెనీలో తన చోటూ, రెండూ ఆ గట్టుకి కట్టేసుకున్నాడు.

టెస్టుకి ముందు టీ మెషీన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"పిన్నీ, తాడు కాడ ఆగిపోతారు. నాకు తెలుసు. నువ్వేటీ సెప్పొద్దు. కుడి పక్కని నిలబడి ఒక్కమాటు దగ్గు, నొక్కవలసిన రెండో మీట అటే ఉంది. సాలు."

"నాకు దగ్గు నేదు నాయనా."

"ఏళాకోళాలొద్దు. నీకీ ఉద్యోగం ఎవులిచ్చేరు?"

"నువ్వే."

"మరి తిన్నింటి వాసాలు లెక్కెడతావేటి?"

"పుచ్చిన వాసాలైతే లెక్కెట్టాల. నేపోతే ఇంట్లో ఉన్నోడి నెత్తి మీదే పడతాయి."

మొహం కందగడ్డలా చేసుకుని వెళ్ళిపోయాడు.

నాది మొండితనం అంటారు మా ఇంట్లో. కాదు. నేను అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను, చర్చి వెనక గదిలో, ఆదివారాలు. నేను తడబడితే పక్కనున్న ఆడవాళ్ళు జాలిపడి చెవిలో అక్షరం ఊదేవాళ్ళు. ఊదినన్నాళ్ళూ నాకు ఒక్కటీ రాలేదు. టీచరమ్మ వాళ్ళని దూరంగా కూర్చోబెట్టి, నేను నీళ్ళు నములుతుంటే తాను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. కోపం వచ్చేది నాకు. అక్షరాలూ అప్పుడే వచ్చాయి. ఏది సాయమో ఏది కాదో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆడడానికి ఇద్దరు బావామరుదుల్ని తెచ్చాను, నూకరాజు, ఎల్లాజీ. చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. వేట నిషేధం రోజులు కనక ఒడ్డునే ఉన్నారు. వేటవాళ్ళే కావాలని కిరణ్ పట్టుబట్టాడు. పడవ ఆట పడవవాళ్ళకి నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుందని అతని ధీమా.

తెర మీద పడవలు కనిపించగానే నూకరాజు నీరుగారిపోయాడు.

"ఇదేటత్తా, ఇక్కడా పడవేనా? వేట నేదని ఇంటికాడుంటే, పిలిచి మరీ వేటకి పంపుతన్నావా?"

"ఆడు బావా" అన్నాడు ఎల్లాజీ. "నిజం పడవ మీద ఎలాగూ నిద్దరే కదా నీకు, ఇక్కడైనా తిప్పడం నేర్సుకో."

మొదట ట్యుటోరియల్ వచ్చింది. ఎలా ఆడాలో ఆటే నేర్పే భాగం అది. ఒక తాత బొమ్మ వచ్చి తెర నిండా మాటలు పరిచాడు. నూకరాజు ఒక్కటీ చదవకుండా మీట నొక్కుతూ దాటేశాడు. "ఈ ముసిలోడేటి ఇంత సోది సెప్తన్నాడు?"

తరవాత గట్టు. అక్కడ రెండు మీటలు కలిపి నొక్కి ఉంచితేనే తాడు పడుతుంది. వాళ్ళు ఒకటే నొక్కారు. పడవ గట్టుకి తగిలి వెనక్కి వచ్చింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

"అత్తా, ఏటి నొక్కాల?"

నేను కిటికీ వైపు చూశాను.

"అత్తా, నిన్నే!"

"సెవుడొచ్చీసింది బావా అత్తకి" అన్నాడు ఎల్లాజీ.

"సెవుడు కాదు, గీర. ఏసీలో కూసుంటే అలగే వస్తది."

అద్దం వెనక ధబ్‌మని చప్పుడైంది. కిరణ్ చెయ్యి అద్దానికి తగిలినట్టుంది. నేను తల తిప్పలేదు. చెప్పాలని నాకు మాత్రం లేదా? నాకు అన్నం పెట్టిన కుర్రాడు అవతల ఉన్నాడు. ఒక్క మాట చాలు, పడవ గట్టెక్కుతుంది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

నూకరాజు సోఫాకి జారబడ్డాడు. కాలు ఊపడం మొదలుపెట్టాడు. ఇంక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఎల్లాజీ పడవని వెనక్కి తిప్పబోయి నూకరాజు పడవని గుద్దాడు. నూకరాజు పడవ బంతిలా పైకి ఎగిరి, గిర్రున తిరిగి, తలకిందులుగా నీళ్ళలో పడి మళ్ళీ తేలింది.

"ఒరే! నా పడవ గుద్దీసేవేట్రా?"

"నాను కాదు బావా, గాలి!"

"గాలా? ఉండు, నీకు గాలంటే ఏటో సూపిత్తాను!"

నూకరాజు లేచి ముందుకి వంగాడు. గుద్దాడు. ఎల్లాజీ పడవ ఇంకా ఎత్తుకి ఎగిరింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు. భుజంతో భుజం తోసుకోవడం. ఒకడి చేతుల్లో కంట్రోలర్ ఇంకొకడు లాగడం.

"సముద్రం మీద ఇలగ ఒక్కమాటు గుద్దితే రెండు కొంపలు మునిగిపోతాయత్తా" అన్నాడు నూకరాజు, కళ్ళు తెర మీంచి తియ్యకుండానే. "ఇక్కడ ఎన్నిమాట్లు గుద్దినా మళ్ళీ తేల్తంది! రా బావా, పారిపోతావేటి, రా!"

టీ చల్లారింది. సమోసాలు అలాగే ఉన్నాయి. తండ్రి ఎవరికీ గుర్తులేడు, గట్టు ఎవరికీ అక్కర్లేదు. టైమైందంటే నూకరాజు కంట్రోలర్ వదలడే. "ఇంకొక్కటత్తా, ఈడు నా కంటే ఒకటి ఎక్కువ గుద్దీసేడు!"

వాళ్ళని పంపించి అద్దం వెనక గదిలోకి వెళ్ళాను.

"గట్టు చేరలేదు" అన్నారు వసుంధర గారు. గొంతులో గెలిచిన సంబరం లేదు. అది నాకు నచ్చింది. "మీరేం చూశారు?"

"కథ ఒక్క ముక్క సదవనేదమ్మా. తాడు కాడ ఆగిపోయేరు. గుద్దుకున్నప్పుడు ముందుకి వంగేరు. లెగమంటే లెగనేదు."

అంతవరకే చెప్పి ఊరుకున్నాను. ఏం చెయ్యాలో చెప్పడం నా పని కాదు.

కిరణ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తి అన్నాడు. "ఆ గుద్దుకోవడం నేను పెట్టింది కాదు. అది ప్రోగ్రాములో దొర్లిన తప్పు. పడవలు అలా ఎగరకూడదు. ఈ వారం సరిచేద్దామనుకున్నాం."

"సరిచెయ్యకండి" అన్నారు ఆమె.

అతను ఆమె వైపు చూశాడు. లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. తలుపు దగ్గరే ఉంది. అతను లేవలేదు. అద్దంలోంచి ఖాళీ సోఫాని చూస్తూ, "అయితే తాడు అక్కర్లేదు" అన్నాడు. తరవాత, "తాత అక్కర్లేదు" అన్నాడు. చివరికి, "ఆ తండ్రీ అక్కర్లేదు. కథ మొత్తం తీసేస్తాను. వానాకాలం అయ్యేదాకా నాకు టైమివ్వండి" అన్నాడు.

"ఇస్తాను. రెండు షరతులు. తెర మీద చదవాల్సిన మాట ఒక్కటి కూడా ఉండకూడదు. టెస్టు జరుగుతుంటే మీరు ఆ గదిలో అడుగు పెట్టకూడదు."

"మొదటిది సులువు" అన్నాడు కిరణ్.

అప్పుడు నవ్వారు ఆమె. ఆ ఆఫీసులో ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

కిరణ్ ఓడిపోయాడని అతని వైపువాళ్ళు ఏడ్చారు. మేడమ్ మెత్తబడ్డారని ఆమె వైపువాళ్ళు సణిగారు. రెండూ తప్పే. పైమనిషి మారితే ఆటలు వాటంతటవే బాగుపడవు, పాడూ అవవు. పని చేసినవాడికి తన పని ఎదటివాడి చేతిలో ఎలా ఉందో కళ్ళారా కనబడాలి. పెద్ద కుర్చీలో ఉన్నన్నాళ్ళూ కిరణ్‌కి అది కనబడలేదు, ఎందుకంటే అతను ఎవరినీ ఓడిపోనివ్వలేదు. ఓడిపోనివ్వని చోట ఆట లేదు, ఉత్త మర్యాదే ఉంటుంది. వసుంధర గారు చేసిన గొప్ప పని అతన్ని అద్దం వెనక కూర్చోబెట్టడం. ఆ తరవాత పనంతా అతనే చేసుకున్నాడు. అతని జట్టు చెదరలేదు. ఆ ఏడాది చివర్లో మా పెట్టె ఆ గుద్దుకునే పడవలతోనే బజారులోకి వెళ్ళింది.

దానికి ముందు ఆఖరి టెస్టుకి వన్ టౌన్ నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరు వచ్చారు. కంట్రోలర్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళు. తెర మీద ఒక్క అక్షరం లేదు. ఏం చెయ్యాలో తోచక మొహాలు చూసుకున్నారు. ఒకదాని తరవాత ఒకటి మీటలు నొక్కి చూశారు. పడవలు కదల్లేదు. అద్దం వెనక నుంచి చప్పుడు లేదు. చెల్లెలు విసిగిపోయి కంట్రోలర్ పక్కన పెట్టబోయింది. పెట్టబోతూ, నొక్కకుండా పక్కకి తొయ్యాల్సిన పుల్లకి బొటనవేలు ఆనించింది. ఆమె పడవ దూసుకెళ్ళి అక్క పడవని ఆకాశానికి లేపేసింది. గదిలో ఒకటే కేకలు.

వాళ్ళు వెళ్ళాక కిరణ్ బయటికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. సోఫా దగ్గరికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎలగుంది పిన్నీ ఆట?"

"నన్నడుగుతావేటి? నువ్వూ సూసేవు కదా."

తల ఊపాడు.

"సూసేను" అన్నాడు. "ఇన్నాళ్ళకి."